పదముగ్గురం, ఆరు ట్రిప్పులు: వండర్‌లా పక్కన రాత్రి బస

మారతహళ్లికి మారిన ఆరు నెలలకే నేను మా అత్తగారి వాళ్లందరికీ బెంగళూరు బుకింగ్ క్లర్కుని అయిపోయాను. ఒంగోలులో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కిన జనం ఇక్కడ దిగడం, హాల్లో పరుపులు పరవడం, మూడో రోజుకల్లా పిల్లలు "వండర్‌లా ఎప్పుడు పిన్నీ?" అని మొదలుపెట్టడం. రైడ్లు, నీళ్లాటలు ఉండే ఈ పార్కుకు 2016 నుంచి ఇప్పటికి ఆరుసార్లు వెళ్లొచ్చాం. ప్రతిసారీ పదముగ్గురం. అత్తయ్య, మామయ్య, బావగారు, మా తోడికోడలు, వాళ్ల పిల్లలిద్దరు, ఆడపడుచు, వాళ్లాయన, వాళ్ల బుడ్డోడు, మేం నలుగురం. రైడ్ల గురించి రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను రాసేది పడక గురించి.

పార్కు మైసూరు రోడ్డు మీద, బిడది దగ్గర. బెంగళూరు నడిబొడ్డు నుంచి 28 కిలోమీటర్లంటారు గానీ, మా మారతహళ్లి నుంచి యాభైకి తక్కువ ఉండదు. పొద్దున్నే టెంపో ట్రావెలర్‌లో నైస్ టోల్ రోడ్డు మీదుగా వెళ్తే రెండు గంటలు. ఆదివారం సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఎంతసేపో ఆ మైసూరు రోడ్డే చెప్పాలి. అందుకే రాత్రి బస మాట వచ్చింది.

మొదటిసారి, 2016 మేలో, అందరూ చేసే తప్పే చేశాను. "పొద్దున్నే గేటు దగ్గరుండాలి" అని ముందురోజు రాత్రే కెంగేరి వైపు ఒక హోటల్లో దిగాం. తీరా చూస్తే పార్కు తెరిచేది పదకొండింటికి. హోటల్ గది ఖాళీ చేయాల్సిందీ పదకొండింటికే. అంటే డబ్బు కట్టి మేం కొనుక్కున్నది ఏమీ లేదు, మా ఇంట్లో పడుకుని ఏడున్నరకు బయల్దేరినా గేటు తెరిచేలోపే చేరేవాళ్లం. పోనీ సాయంత్రమైనా సుఖమా అంటే, నీళ్లలో ఆరు గంటలు నానిన పిల్లలు ఐదుగురు బండి ఎక్కగానే నిద్ర, రాజరాజేశ్వరి నగర్ దగ్గర ట్రాఫిక్‌లో బండి ఆగేసరికి అందరికీ ఒకేసారి ఆకలి, ఏడుపు. బుడ్డోడు అత్తయ్య ఒడిలో వాంతి చేసుకున్నాడు. ఆ రోజు తెలిసిందేమిటంటే, పార్కుకు వెళ్లేవాళ్లకు ముందు రాత్రి గది దండగ, పార్కు రోజు రాత్రి గది పండగ.

2018లో బిడది ఊళ్లోనే ఒక లాడ్జి. బోర్డు మీద రంగు వెలిసిపోయి ఉంది, లిఫ్టు లేదు. బావగారు గుమ్మంలోనే మొహం చిట్లించారు. రిసెప్షన్‌లో ఆయన "ఎష్టు జన?" (ఎంతమంది?) అని కన్నడంలో అడిగి, మా వరుస చూసి నవ్వి, తెలుగులోకి దిగిపోయాడు. గదికి 1,500 చొప్పున నాలుగు గదులు, మీద 12 శాతం జీఎస్టీ, అదనపు పరుపులు మూడింటికి 200 చొప్పున. మొత్తం 7,320. తలకు 565 కూడా పడలేదు. నాలుగు గదులంటే నాలుగు బాత్రూములు, నాలుగు గీజర్లు. పైన డాబా మీద తాళ్లు కట్టి ఉన్నాయి. పదకొండు మంది తడి నైలాన్ బట్టలు, తువ్వాళ్లు రాత్రి ఎనిమిదింటికి ఆరేస్తే, పొద్దున్నకి మడతపెట్టి సర్దుకున్నాం. రిసార్టు ఫొటోల్లో డాబా తాడు ఎవరూ చూపించరు. కావాల్సింది మాత్రం అదే. పార్కులో నీళ్లలోకి దిగాలంటే నైలాన్, సింథటిక్ బట్టలే ఉండాలి, కాటన్ ఒప్పుకోరు. మరుసటి రోజు ఎక్కడికైనా వెళ్లాలంటే ఆ తడి మూట సంగతి ముందు తేల్చుకోవాలి.

పొద్దున్న బిడది తట్టె ఇడ్లీ. తట్టె అంటే కన్నడంలో పళ్లెం, ఇడ్లీ నిజంగానే అంత ఉంటుంది, పైన వెన్న ముద్ద వేసి ఇస్తారు. రెండు తింటే మధ్యాహ్నం దాకా పిల్లలు నోరెత్తరు. మామయ్య మాత్రం చట్నీలో కారం లేదని ఇంటి నుంచి తెచ్చిన కారప్పొడి పొట్లం విప్పారు.

2019 ట్రిప్పు కాస్త విచిత్రం. ఆషాఢమాసం, రెండో శనివారం. లాడ్జిలో గదులు దొరకలేదు. ఆ లాడ్జి ఆయనే "మా బంధువుల కల్యాణ మండపం ఖాళీగా ఉందమ్మా" అన్నాడు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కదా, మండపాలన్నీ తాళాలే. రాత్రికి 5,000 ఇచ్చి మొత్తం మాట్లాడుకున్నాం. పెళ్లికూతురు గదిలో ఆడపడుచు కుటుంబం, పెళ్లికొడుకు గదిలో అత్తయ్య, మామయ్య. ఆ రెండింటికీ ఏసీ, లోపలే బాత్రూము. మిగతా వాళ్లం హాల్లో జంపఖానాల మీద. వెనక వరుసగా ఎనిమిది బాత్రూములు! పదముగ్గురం అరగంటలో స్నానాలు ముగించిన ఏకైక రాత్రి అది. దోమలు మాత్రం పీక్కుతిన్నాయి, వేడినీళ్లు లేవు. యాభై ఏళ్ల తర్వాత మళ్లీ పెళ్లికొడుకు గది ఇచ్చారని మామయ్య ఊరంతా చెప్పుకున్నారు. ఆషాఢంలో అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదు అన్న మాట నేనే గుర్తుచేస్తే, "తొమ్మిదేళ్లయ్యాక నీకింకా కొత్తకోడలి ముచ్చటా" అని అత్తయ్య కొట్టిపారేశారు. దోమతెరలు తీసుకెళ్లే ఓపిక ఉంటే, పెద్ద గుంపుకి డబ్బు లెక్కన దీన్ని మించింది నాకు ఇంతవరకు దొరకలేదు. ఏడాదంతా దొరికేది కాదు, అంతే.

కోవిడ్ తర్వాత 2022లో పార్కును ఆనుకుని ఉన్న వండర్‌లా రిసార్టులోనే దిగాం. పార్కు 2005లో మొదలైతే రిసార్టు 2012లో వచ్చింది, 84 గదులు. సుఖం సంగతి చెప్పాలంటే దీనికి సాటి లేదు. పిల్లలు నీళ్లలోంచి వచ్చి నేరుగా గదికి నడిచెళ్లారు. అన్నిటికంటే నాకు నచ్చింది, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య మధ్యాహ్నం గదికెళ్లి నడుం వాల్చగలిగారు. అంతకుముందు ట్రిప్పుల్లో ఆవిడ టికెట్ కొనుక్కుని లోపలికొచ్చి, చెట్టు కింద మా సంచులకు కాపలా కూర్చునేవారు. కానీ పెద్దవాళ్లం ఎనిమిది మందిమి, నాలుగు గదులు, పిల్లలకు అదనపు పరుపులు. బిల్లు చూసి మా వారు రెండు రోజులు మౌనవ్రతం పట్టారు. రేటు రోజును బట్టి, సీజన్‌ను బట్టి మారుతుంది కాబట్టి అంకె రాయను. గది రేటులో పార్కు టికెట్లు, టిఫిను కలిసి ఉన్నాయో లేదో బుక్ చేసేముందే చూసుకోండి, లెక్కంతా అక్కడే తారుమారవుతుంది.

పిల్లల లెక్క ఒక తిరకాసు. పార్కు ఎత్తు చూస్తుంది, హోటల్ వయసు చూస్తుంది. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు పార్కులో టికెట్ లేదు, 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్, అది దాటితే పెద్దవాళ్ల లెక్కే. మా బుడ్డోడికి మూడేళ్లప్పుడు హోటల్లో ఉచితం, పార్కులో టికెట్. బావగారి పెద్దమ్మాయికి పదమూడేళ్లు వచ్చినా ఎత్తు తక్కువ, పార్కులో పిల్లల టికెట్టే, హోటల్లో మాత్రం పెద్దమనిషి లెక్క. మా ఇంట్లో వంటగది తలుపు చట్రం మీద 85 దగ్గర, 140 దగ్గర స్కెచ్ పెన్నుతో రెండు గీతలుంటాయి. ఎవరొచ్చినా ముందు అక్కడ నిలబెట్టాకే బుకింగ్.

ఇక 2024. ఇది మా అన్నయ్యగారి, అంటే ఆడపడుచు భర్త, పట్టుదల. "విల్లా తీసుకుందాం చెల్లెమ్మా, మనకే సొంతంగా స్విమ్మింగ్ పూల్" అన్నారు. యాప్‌లో ఫొటోలు చూస్తే నీలం నీళ్లు, పచ్చగడ్డి, ఉయ్యాల. మూడు బెడ్రూములు, రాత్రికి 14,000. పదముగ్గురం పంచుకుంటే తలకు వెయ్యి చిల్లర కదా అనుకున్నాం. వెళ్లాక తెలిసింది, ఆ రేటు పది మందికేనట, మిగతా ముగ్గురికి వెయ్యేసి. 17,000 అయింది. ఇల్లు మొత్తం ఒకే గది లెక్కలో బిల్లు చేశారు కాబట్టి రోజుకు 7,500 దాటిన గదికి పడే 18 శాతం జీఎస్టీ వేశారు, 3,060. వంటమనిషికి 1,500. అడ్వాన్సుగా పెట్టిన 5,000లో 1,200 కోసేశారు, దుప్పటి మీద ఆవకాయ నూనె మరకట. ఆ మరక మాదే, ఒప్పుకుంటా. కానీ 1,200కి కొత్త దుప్పట్లు రెండొస్తాయి. మొత్తం 22,760. తలకు 1,750.

పూల్ ఎండిపోయి ఉంది. ఆ వేసవి బెంగళూరు నీళ్ల కష్టం అందరికీ గుర్తుండే ఉంటుంది, బోర్లు ఎండి, ఊళ్లో తాగేనీళ్లు స్విమ్మింగ్ పూళ్లకు వాడొద్దని మార్చిలో ఆర్డరు కూడా వచ్చింది. యజమానిని తప్పుపట్టలేను, బోరులో నీళ్లు లేకపోతే ఆయనేం చేస్తాడు. అయితే ఆ ముక్క ముందే ఫోన్లో చెప్పొచ్చు. పిల్లలు ఆ నీలం టైల్స్ గుంటలోకి దిగి క్రికెట్ ఆడుకున్నారు.

అసలు నరకం రాత్రి మొదలైంది. మూడు బెడ్రూములకు బాత్రూములు రెండే, ఒక్కోదాంట్లో 15 లీటర్ల గీజరు. పార్కు నుంచి వచ్చిన పదముగ్గురం తువ్వాళ్లు భుజాన వేసుకుని, రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు నిలబడ్డాం. ఇద్దరి స్నానానికే వేడినీళ్లు అయిపోతాయి, మళ్లీ కాగడానికి ఇరవై నిమిషాలు. నా వంతు వచ్చేసరికి పదకొండున్నర. అప్పుడే కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద ఫ్యాన్లు తిరిగాయి గానీ గీజరు నడవదుగా. ఆ చీకట్లో చన్నీళ్లు పోసుకుంటూ ఒట్టుపెట్టుకున్నాను, ఇకమీదట మంచాలు లెక్కపెట్టను, బాత్రూములు లెక్కపెడతాను. నలుగురికి ఒకటి ఉండాలి. గీజరు ఎన్ని లీటర్లని ఫోన్లో అడిగితే అవతలివాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

2025 మేలో మాకు సరిపడే పద్ధతి కుదిరింది. పార్కు రిసార్టులో ఒకే ఒక్క గది, అత్తయ్యకు, మామయ్యకు. మిగతా పదకొండు మందికి బిడదిలో పాత లాడ్జే, మూడు గదులు, 2,200 చొప్పున. రెండూ పార్కు రోజు రాత్రికే. అత్తయ్య వాళ్లు గది చేతికిచ్చే వేళకు మధ్యాహ్నం దిగారు, పార్కు టికెట్ కొనలేదు, హాయిగా ఏసీలో పడుకున్నారు. సాయంత్రం అందరం అక్కడ కలిసి, కాఫీ తాగి, మేం లాడ్జికి వచ్చేశాం. లాడ్జి బిల్లు 6,600 మీద 792 జీఎస్టీ పడింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 లోపు గదులకు పన్ను 5 శాతానికి తగ్గింది, ఇప్పుడైతే 330తో పోతుంది. ఆ 7,500 దాటితే 18 శాతం అలాగే ఉంది. 7,400 గది పన్నుతో కలిపి 7,770, 7,600 గది 8,968. రెండొందల తేడా పన్నెండొందలు అయి కూర్చుంటుంది. అందుకే పెద్ద ఫ్యామిలీ సూట్ ఒకటి తీసుకోవడం కంటే మామూలు గదులు రెండు తీసుకోవడమే మేలని నా లెక్క, పైగా బాత్రూమొకటి కలిసొస్తుంది.

దసరా సెలవుల్లో మాత్రం ఆ వైపు చూడకండి. మైసూరు వెళ్లే జనమంతా ఈ రోడ్డు మీదే. అదే సెలవులు లేని మంగళ, బుధవారాలు అయితే లాడ్జి ఆయనే గదికి రెండు మూడొందలు తగ్గిస్తాడు. నలుగురైదుగురే అయితే ఇన్ని తంటాలు అక్కర్లేదు, పర్పుల్ లైన్ మెట్రోలో చల్లఘట్ట దాకా వెళ్లి బస్సు పట్టుకోవచ్చు. పదముగ్గురు, ఏడు సంచులు, ఒక కారప్పొడి డబ్బా అంటే టెంపో ట్రావెలరే గతి.

సంక్రాంతి సెలవులకు వాళ్లిటు వస్తున్నారని నిన్న ఆడపడుచు ఫోన్ చేసింది. బుడ్డోణ్ని అక్కడే గోడకు నిలబెట్టి కొలవమన్నాను. 138 అట. లాడ్జి ఆయనకు అప్పుడే మెసేజ్ పెట్టేశాను, జనవరి దాటితే వాడూ పెద్దవాళ్ల టికెట్టే.