వైమర్‌లో నలభై యూరోల తాలింపు

జర్మనీలోని వైమర్ నుంచి తిరుగు రైలు ఎక్కగానే మా అమ్మాయి ఫోనుకు సందేశం వచ్చింది. వంటగదిలో నూనె వాసన పోలేదు కనుక, ముందుగా కట్టించుకున్న 100 యూరోల ధరావతులో 40 మినహాయించుకుంటున్నామని మేము అద్దెకు దిగిన ఇంటి యజమాని రాశాడు. మా ఆవిడ పప్పులోకి పెట్టిన ఒక్క తాలింపు ఖరీదు అది. ఆ కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను. చదివేవారు ఆ మేరకు తగ్గించుకుని చదువుకోవాలి.

గ్రూప్-2 పరీక్షకు చదివిన రోజుల్లో, అత్యవసర పరిస్థితిలో ప్రాథమిక హక్కుల నిలుపుదలను మన రాజ్యాంగంలోకి జర్మనీవారి వైమర్ రాజ్యాంగం నుంచి తీసుకున్నారని బిట్లు కంఠతా పట్టానే తప్ప, వైమర్ ఒక ఊరి పేరన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు. అమ్మాయి ఇల్మెనావ్‌లో ఎం.ఎస్. చదువుతున్నందువల్ల 2025 వేసవిలో అక్కడికి వెళ్లాము. ఎర్ఫర్ట్‌లో రైలు మారితే రెండు గంటల్లోపే వైమర్ వస్తుంది. ప్రయాణానికి మా ఇద్దరికీ దేశమంతటా స్థానిక రైళ్లలో, బస్సుల్లో చెల్లే, తలా 58 యూరోల నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ సరిపోయింది. అయితే అది చందా పద్ధతి కనుక నెల పదో తేదీలోపు రద్దు చేసుకోకపోతే మరుసటి నెల డబ్బు కూడా పోతుంది.

రాత్రికి 68 యూరోలని చూసి బుక్ చేసిన ఇల్లు, రెండు రాత్రులకు 136, శుభ్రం చేసినందుకు 45, పక్కబట్టలకు తలా 12 చొప్పున ముగ్గురికీ 36 కలుపుకుని 217 దగ్గర తేలింది. థియేటర్ చౌకుకు పది నిమిషాల దూరమన్నది కారున్నవాళ్ల లెక్క అని, పెట్టెలు ఈడ్చుకుంటూ స్టేషన్ వెనక ఎత్తు ఎక్కుతున్నప్పుడు గాని బోధపడలేదు. తాళంచెవి ఉంచిన డబ్బాకు మాకు పంపిన అంకెలు పనిచేయక, యజమాని ఫోను ఎత్తక, వానలో గుమ్మం ముందు యాభై నిమిషాలు నిలబడ్డాము. లోపల బల్ల మీద ఏడు పేజీల నియమావళి ఉంది. చెత్తను ఎన్ని రకాలుగా విడదీయాలో, ఏ వేళ దాటాక స్నానం చేయకూడదో అన్నీ విడమరిచి రాసిన ఆ మనిషి, చివరి పేజీలో మాత్రం ఇల్లు మామూలు స్థితిలో లేదని తనకు తోస్తే తగిన మొత్తం మినహాయించుకుంటానని ఒక్క వాక్యంతో సరిపెట్టాడు. అమ్మాయి అది చదివి, "మామూలు స్థితి అంటే ఏమిటో ఎక్కడా రాయలేదు నాన్నా" అంది. నేను పట్టించుకోలేదు.

మరునాడు చూసిన థియేటర్ చౌకు మాత్రం ఆ చిరాకునంతా మరిపించింది. జర్మన్ కవులు గోథే, షిల్లర్ ఒకే పూలదండ మీద చేతులు వేసి నిలబడిన విగ్రహం వెనక ఉన్న నాటకశాలలోనే, మొదటి ప్రపంచయుద్ధంలో ఓడి, చక్రవర్తి దేశం విడిచిపోయిన మూడు నెలలకు, 1919 ఫిబ్రవరి 6న, కొత్త రాజ్యాంగం రాయవలసిన జర్మన్ జాతీయ సభ కొలువుదీరింది. జనవరిలో బెర్లిన్ వీధుల్లో కాల్పులు జరిగినందున రాజధానిలో సభ పెట్టే ధైర్యం లేక, కాపలాకు అనువైన ఈ చిన్న ఊరిని ఎంచుకున్నారు. బెర్లిన్ నుంచి విమానంలో టపా తెప్పించుకున్నారు. స్త్రీలు తొలిసారి ఓటు వేసిన ఎన్నికల్లో 37 మంది మహిళలు గెలిచారనీ, ఫిబ్రవరి 19న వారిలో ఒకరైన మేరీ యూఖాచ్ "పురుషులారా, స్త్రీలారా" అని సంబోధించగానే సభలో నవ్వులు లేచాయనీ అమ్మాయి చెబితే, "నవ్వడానికేముంది అందులో?" అని మా ఆవిడ నన్ను నిలదీసింది, ఆ సభలో నేనూ కూర్చున్నట్టు. రాజ్యాంగం ఇక్కడే రూపొందిందని చెప్పే ఫలకాన్ని వాస్తుశిల్పి వాల్టర్ గ్రోపియస్ రూపొందించాడు. ఆ ఫలకాన్ని నాజీలు పీకేయగా, రెండో ప్రపంచయుద్ధం తర్వాత మళ్లీ పెట్టారు.

ఎదురుగా, ఆ రాజ్యాంగం కింద నడిచిన గణతంత్రం కథ చెప్పే వైమర్ రిపబ్లిక్ మ్యూజియం చిన్నదే అయినా, ఊరిలో ఒక్కటే చూడగలిగితే దాన్నే చూడమంటాను. రాజ్యాంగానికి 1919 జులై 31న 262 ఓట్లు అనుకూలంగా, 75 వ్యతిరేకంగా పడ్డాయి. అందులోని 48వ అధికరణం దగ్గరే నా పాత బిట్టు ఎదురైంది. ప్రజాశాంతికి తీవ్రభంగం కలిగితే అధ్యక్షుడు ఏడు ప్రాథమిక హక్కులను నిలిపివేయవచ్చు. పార్లమెంటు వద్దంటే ఆ ఉత్తర్వును రద్దు చేయాలి గాని, ఆ పార్లమెంటునే రద్దు చేసే అధికారమూ ఆయనదే. తొలి అధ్యక్షుడు ఎబర్ట్ తిరుగుబాట్లను అణచడానికి దీన్ని వాడాడు. 1930 నుంచి పాలనే దీనిమీద నడిచింది. 1933 ఫిబ్రవరి 28న హిట్లర్ ప్రభుత్వం ఇదే అధికరణం పేరు చెప్పి పౌరహక్కులను ఊడ్చేసింది. భంగం అంటే ఏమిటో, ఎంతో, రాసినవాళ్లు నిర్వచించలేదు. మా యజమాని ఏడో పేజీ నాకు అక్కడే గుర్తుకొచ్చింది.

మధ్యాహ్నం నాజీల నిర్బంధ శిబిరమైన బూఖెన్‌వాల్డ్‌కు వెళ్లడం మా పొరపాటు. ఊళ్లోంచి 6వ నంబరు బస్సు ఉంది, ప్రవేశం ఉచితం, చూడవలసిందే. కాని ఉదయం ఫలకం చూసిన కళ్లతో అదే రోజు చూడవద్దు. దాదాపు 56,000 మంది చనిపోయిన ఆ శిబిరం 1937లో తెరుచుకుంది, అంటే రాజ్యాంగానికి పద్దెనిమిదేళ్ల తర్వాత. "ఎవరికి దక్కేది వారికి" అన్న ఇనుప అక్షరాలను లోపల ఉన్నవాళ్లు చదవడానికి వీలుగా గేటుకు లోపలివైపుకు అమర్చారు. మా ఆవిడ తిరుగు బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. సాయంత్రం సంత చౌకులో 11.50 యూరోలకు బంగాళాదుంప ఉండలు, పుట్టగొడుగుల పులుసు తెప్పించినా ముట్టలేదు. ఇంటికి చేరాక ఆమె పప్పు పెట్టి తాలింపు వేసింది.

మూడో రోజు ష్వార్జ్‌బుర్గ్ వెళ్లాలన్నది నా పట్టుదల. సెలవు గడుపుతున్న ఎబర్ట్ 1919 ఆగస్టు 11న రాజ్యాంగం మీద సంతకం చేసింది ఆ కొండల ఊళ్లోనే. "సంతకం చేసిన చోటు చూసి ఏం చేస్తారు, పదండి, అమ్మాయి గదిలో అన్నం వండుకుందాం" అని మా ఆవిడ అనడంతో, తాళంచెవి డబ్బాలో వేసి స్టేషన్‌కు నడిచాము.