ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో డిలీట్ అయిన ఫైళ్ళకు టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్: కొన్నేళ్ళు వాడాక నా మాట

బెంగళూరు కె.ఆర్.పురం దగ్గర ఒక ఫోటో స్టూడియోలో ఎడిటింగ్ చేస్తాను. వచ్చేవాళ్ళు ఎక్కువగా మన తెలుగువాళ్ళే. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు, అన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌ల్లోనే ఉంటాయి. ఎవరో ఒకరు షిఫ్ట్ డిలీట్ కొట్టడం, కేబుల్ లాగేయడం, ఫార్మాట్ చేసేయడం ఈ పనిలో మామూలు. అలాంటప్పుడు పోయిన ఫైళ్ళను వెనక్కి తేవడానికి కొన్నేళ్ళుగా నేను వాడుతున్న ప్రోగ్రాంలు టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్. రెండూ క్రిస్టోఫ్ గ్రెనియే రాసినవే. ఒకే జిప్‌లో వస్తాయి, పైసా ఖర్చు లేదు, సోర్స్ కోడ్ కూడా ఎవరైనా చూసుకోవచ్చు. ఇన్‌స్టాల్ చేసే పని లేదు, జిప్ విప్పి నడపడమే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫైళ్ళు పోతే మొదట తెరవాల్సింది టెస్ట్‌డిస్క్. అందులో దొరకవని తేలాకే ఫోటోరెక్. చాలామంది నేరుగా ఫోటోరెక్ తెరుస్తారు. ఫైళ్ళు వస్తాయి గానీ పేర్లు రావు, ఫోల్డర్లు రావు. వేల ఫోటోలు ఏ పెళ్ళివో తెలియకుండా కుప్పగా వచ్చి పడితే వాటిని విడదీయడానికి పట్టే రోజులు రికవరీకి పట్టే గంటలకంటే చాలా ఎక్కువ.

ఎందుకిలా అంటే, ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్క్ మీద ఫైళ్ళను సర్దే పద్ధతి) ఉన్న డిస్క్‌లో ప్రతి ఫైలుకూ ఎమ్‌ఎఫ్‌టీ అనే పట్టికలో ఒక చిన్న రికార్డు ఉంటుంది. పేరు, తేదీ, డిస్క్‌లో ఎక్కడెక్కడ ఉందీ అన్నీ అందులోనే. డిలీట్ చేస్తే విండోస్ ఆ రికార్డు మీద ‘వాడుకలో లేదు’ అని గుర్తు మార్చి, ఆ చోటు ఖాళీ అని రాసుకుంటుంది. పేరు అలాగే ఉంటుంది, డేటా అలాగే ఉంటుంది. ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతిలోనూ దాదాపు ఇదే కథ, పేరు ఉన్న ఎంట్రీలో ఒక్క బిట్ మారుతుంది. టెస్ట్‌డిస్క్ చదివేది ఈ రికార్డులనే. అందుకే అసలు పేరుతో, అసలు ఫోల్డర్‌తో తెస్తుంది. ఆ చోట కొత్త ఫైలు రాయనంతవరకే ఇదంతా. కాబట్టి డిలీట్ అయిందని తెలిసిన క్షణం నుంచి ఆ డిస్క్‌లో ఏమీ కాపీ చెయ్యకూడదు, దొరికినవి దాచడానికి వేరే డిస్క్ ఉండాలి. దీన్ని ఎవరికి ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు.

వాడకం కష్టమేం కాదు, కానీ చూడగానే భయపెడుతుంది. నల్ల కిటికీ, తెల్ల అక్షరాలు, మౌస్ పనిచెయ్యదు. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, డిస్క్ ఎంచుకుని, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి, పార్టిషన్ (డిస్క్‌లో ఫైళ్ళు ఉన్న భాగం) మీద నిలబడి అన్‌డిలీట్ కొట్టాలి. పోయిన ఫైళ్ళ జాబితా తేదీ, సైజుతో వస్తుంది. కోలన్ నొక్కితే ఫైలుకు గుర్తు పడుతుంది, పెద్ద సి నొక్కితే గుర్తు పెట్టినవన్నీ కాపీ అవుతాయి. తెలుగులో పెట్టిన ఫోల్డర్ పేర్లు ఆ కిటికీలో సరిగ్గా కనబడవు, తేదీ చూసి పోల్చుకోవాలి. అనలైజ్ విభాగంలో రైట్ అనే మాట కనబడితే మాత్రం ఆగండి. అది పార్టిషన్ పట్టికనే మార్చి రాస్తుంది. డిలీట్ అయిన ఫైళ్ళ కోసం వచ్చినవాళ్ళకు దాంతో పని లేదు.

డిస్క్ తగిలించగానే విండోస్ ‘ఫార్మాట్ చెయ్యమంటారా’ అని అడిగే సందర్భాల్లోనూ టెస్ట్‌డిస్క్ నాకు బాగా పనికొచ్చింది. పార్టిషన్‌ను ఎలా చదవాలో చెప్పే బూట్ సెక్టర్ దాని మొదట్లో ఉంటుంది, ఎన్‌టీఎఫ్‌ఎస్ దాని నకలు ఒకటి పార్టిషన్ చివర దాచుకుంటుంది. మొదటిది చెడితే ఆ నకలు నుంచి టెస్ట్‌డిస్క్ తిరిగి రాస్తుంది, ఫోల్డర్లన్నీ చెక్కుచెదరకుండా తెరుచుకుంటాయి.

ఇక ఫోటోరెక్. ఇది పట్టికలను పట్టించుకోదు. డిస్క్‌ను మొదటి నుంచి చివరిదాకా చదువుతూ ఫైళ్ళ మొదట్లో ఉండే గుర్తులను వెతుకుతుంది. 480కి పైగా ఫైలు రకాలు దీనికి తెలుసు. దొరికినవాటికి ఎఫ్ అక్షరం, వెనక సెక్టర్ నంబరు (డిస్క్‌లో ఫైలు దొరికిన చోటు) పేరుగా పెట్టి, ఫోల్డరుకు 500 చొప్పున పేర్చుకుంటూ పోతుంది. టి అక్షరంతో మొదలయ్యేవి ఫోటోల్లో దాగి ఉండే చిన్న బొమ్మలు, వాటిని ముందే పక్కన పెట్టేయొచ్చు.

మా అపార్ట్‌మెంట్‌లో అనంతపురం అక్క ఒకావిడ డిస్క్‌ను రిపేరుకిచ్చిన చోట ఫార్మాట్ చేసేశారు. “తమ్ముడూ, మా నాయన ఫోటోలు కనబడితే చాలు, మిగతావి పోతే పోనీలే” అంది. టెస్ట్‌డిస్క్‌లో పాత జాబితా ఏదీ రాలేదు. ఫోటోరెక్‌లో మాత్రం ఫోటోలు కుప్పలుగా వచ్చాయి. అదృష్టవశాత్తూ చేసింది క్విక్ ఫార్మాట్, అది డేటాను తుడవదు. విండోస్ విస్టా వచ్చినప్పటి నుంచి ఫుల్ ఫార్మాట్ డిస్క్ అంతా సున్నాలు రాస్తుంది, అదే చేసుంటే ఏమీ మిగిలేది కాదు. కెమెరాతో తీసినవాటి లోపల తేదీ ఉంటుంది కాబట్టి ఎక్సిఫ్‌టూల్ అనే ఇంకో ఉచిత ప్రోగ్రాంతో ఏ నెలవి ఆ నెలకు సర్దేశాను. వాట్సాప్‌లో వచ్చినవి, స్కాన్ చేసిన పాతవి మాత్రం ఏ తేదీ లేకుండా ఉండిపోయాయి. వాళ్ళ నాయన ఫోటోల్లో సగానికి పైగా ఆ స్కాన్ చేసినవే. అక్క సాయంత్రాలు కూర్చుని ఒక్కొక్కటీ చూసి, “ఇది కదిరి తేరుకు పోయినప్పటిది, ఇది మా చిన్నాయన పెండ్లి” అని చెప్తుంటే నేను ఫోల్డర్లు చేశాను. ఆ పని ఏ సాఫ్ట్‌వేరూ చెయ్యలేదు.

సమయం విషయానికొస్తే, 2 టీబీ డిస్క్ సెకనుకు 100 ఎంబీ చొప్పున చదివితే అయిదున్నర గంటలు పడుతుంది. పాత యూఎస్‌బీ 2 పోర్టులో పెడితే 16 గంటలు దాటుతుంది. కాబట్టి నీలం రంగు (యూఎస్‌బీ 3) పోర్టు చూసి పెట్టండి. మధ్యలో కరెంటు పోతే మొదటి నుంచి మొదలుపెట్టే పని లేదు, ఫోటోరెక్ ఎక్కడిదాకా వచ్చిందో రాసుకుని అక్కడి నుంచే అందుకుంటుంది. వానాకాలంలో మా వీధికి ఈ సౌకర్యం ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు.

వీడియోల దగ్గరే దీని బలహీనత. పెద్ద ఫైలు డిస్క్‌లో నాలుగైదు ముక్కలుగా పడి ఉంటే ఫోటోరెక్ వాటిని జతచెయ్యలేక సగంలో వదిలేస్తుంది. ఫైలు కనబడుతుంది, ప్లే కాదు. పెళ్ళి వీడియో అడిగినవాళ్ళకు నేను ముందే చెప్పి మొదలుపెడతాను.

తిరిగే పళ్ళెం లేకుండా చిప్‌ల మీద రాసే ఎస్‌ఎస్‌డీ అయితే ఆశ ఇంకా తక్కువ. ట్రిమ్ అనే ఏర్పాటు పనిచేసే డిస్క్‌లో, డిలీట్ కాగానే ఆ బ్లాకులు అక్కర్లేదని విండోస్ ఆ డిస్క్‌కు చెప్పేస్తుంది, డిస్క్ తీరిక దొరికినప్పుడు వాటిని తుడిచేస్తుంది. ఆ తర్వాత ఏ ప్రోగ్రాం చదివినా వచ్చేవి సున్నాలే. డబ్బు కట్టి కొన్న సాఫ్ట్‌వేరుకూ ఇదే గతి. అలాగే డిస్క్ టక్ టక్ మని కొట్టుకుంటుంటే వెంటనే కేబుల్ తీసెయ్యండి. అది క్లీన్‌రూమ్ (దుమ్ము లేని గది) ఉన్న ల్యాబ్ పని. ఎస్‌పీ రోడ్డు కంప్యూటర్ షాపుల్లో ఏదో కౌంటర్ మీద మూత విప్పించకండి, ఇంట్లో స్కానూ పెట్టకండి.

నల్ల కిటికీ అస్సలు వద్దనుకునేవాళ్ళకు, మామూలు డిలీట్ వరకు రెక్యూవా అనే ప్రోగ్రాం చాలు. మైక్రోసాఫ్ట్ వాళ్ళది విండోస్ ఫైల్ రికవరీ కూడా ఉచితమే కానీ అందులో కమాండ్లు టైపు చెయ్యాలి, టెస్ట్‌డిస్క్ కంటే అదేమీ తేలిక కాదు. ఫోటోరెక్‌కు క్యూఫోటోరెక్ అని మౌస్‌తో నడిచే రూపం ఆ జిప్‌లోనే ఉంది, మా స్టూడియో అన్న దాన్ని సొంతంగా వాడేస్తాడు. టెస్ట్‌డిస్క్ అన్‌డిలీట్‌కు కూడా అలాంటి కిటికీ ఒకటి, ఫోటో తెరిచి చూసుకునే వీలుతో వస్తే బాగుండు. అప్పటిదాకా డిస్క్ పట్టుకొచ్చిన ప్రతివాళ్ళ పక్కనా కూర్చుని కోలన్ ఎక్కడుందో చూపించడానికి నేను సిద్ధమే.