బడిలో ఆయా, వంట పోస్టులు: ఎంపిక చేసే బడి కమిటీ సభ్యుల బంధువులకు పూర్తిగా వద్దనాలా, ఆ సభ్యుడు ఎంపిక నుంచి తప్పుకుంటే చాలా? ఏది మేలు?

టీచరు ఉద్యోగాలకు డీఎస్సీ ఉంది. ఎక్కువ పోస్టులకు రాత పరీక్షకు 80 శాతం, టెట్‌కు 20 శాతం వెయిటేజీ. ఎవరి బావమరిది అయినా ర్యాంకు రావాల్సిందే. అసలు టెన్షన్ ఊళ్ళోనే తేలిపోయే చిన్న పోస్టులది: బాత్రూములు శుభ్రం చేసే ఆయా, మధ్యాహ్న భోజనం వండే ఆమె.

ఎంపిక చేసేవాళ్ళ బంధువులెవరికీ ఇవ్వకూడదన్న రూలు అమలుకు సులువు, వాదనకు తావుండదు. కానీ కడప జిల్లా పల్లెల్లో మేనరికాలు ఎక్కువ. చుట్టరికం లెక్క తీస్తే చిన్న ఊళ్ళో సగం మంది బంధువులే. పైగా విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, మొత్తంలో సగం మంది మహిళలు. వాళ్ళ అక్కచెల్లెళ్ళు, తోడికోడళ్ళే ఈ పనులకు వచ్చేది. వంటమనిషి గౌరవవేతనం 2019లో పెంచితే 3,000 రూపాయలైంది. ఆ కాస్త డబ్బు కోసం పొయ్యి దగ్గర నిలబడే ఒంటరి ఆడమనిషిని, కమిటీలో పెద్దమ్మ కూతురు ఉందని పక్కన పెట్టడం నాకు న్యాయంగా అనిపించదు.

రెండోది, చుట్టరికం ముందే చెప్పి సభ్యుడు తప్పుకోవడం. ఇందులో ఒక మెలిక ఉంది. క్రైపాక్ కేసులో ఒక అటవీ అధికారి ఎంపిక బోర్డులో సభ్యుడు, తనే అభ్యర్థి కూడా. తన పేరు వచ్చినప్పుడు పక్కకు తప్పుకుని, మిగతావాళ్ళను ఎంచేటప్పుడు కూర్చున్నాడు. 1969లో సుప్రీంకోర్టు ఆ ఎంపికను కొట్టేసింది. పోటీదారులను తగ్గించినా మనవాళ్ళకు మేలు చేసినట్టే కదా! కాబట్టి ఆ పోస్టు తేలేదాకా సభ్యుడు ఆ చర్చలోకే రాకూడదు.

అయినా పలుకుబడి ఉన్న మనిషి బయట కూర్చున్నంత మాత్రాన లోపలివాళ్ళకు భయం పోదు. అందుకే భార్య, భర్త, పిల్లలు, కోడలు, అల్లుడు, తోబుట్టువుల వరకు పూర్తి నిషేధమే మేలు. వాళ్ళకు పోస్టు కావాలంటే సభ్యుడు ముందు కమిటీకి రాజీనామా చేయాలి. అంతకు మించిన చుట్టరికాలకు తప్పుకోవడం చాలు.

అనంతపురమైనా కర్నూలైనా, మీ ఊరి బడిలో ఆయా పోస్టు ఖాళీ అయితే, దరఖాస్తులో ‘కమిటీలో మీ బంధువులు ఉన్నారా?’ అన్న గడి పెట్టమని హెడ్‌మాస్టరును అడగండి. దరఖాస్తుల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టించండి. ఎవరు తప్పుకున్నారో తీర్మానంలో పేరుతో రాయించండి.