టకోమాలో మూడు షార్ట్ షిఫ్టర్లు: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

షార్ట్ షిఫ్టర్ అంటే గేరు మార్చడానికి చెయ్యి కదపాల్సిన దూరాన్ని తగ్గించే గేర్ రాడ్. పికప్ ట్రక్కుకి షార్ట్ షిఫ్టర్ ఏంటి, అదేమన్నా రేసు కారా అని ఇప్పటికీ అడుగుతుంటారు. రేసు కారు కాదు, నిజమే. కానీ మాన్యువల్ బండిలో స్టీరింగ్ తర్వాత మన చెయ్యి ఎక్కువగా పడేది గేర్ రాడ్ మీదే. అది వదులుగా ఊగుతుంటే, ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జానెడు దూరం లాగాల్సి వస్తుంటే, డాలస్ సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే మీద సాయంత్రం ట్రాఫిక్‌లో ప్రతి రెండు నిమిషాలకీ అది గుర్తొస్తూనే ఉంటుంది.

నా బండి 2012 టయోటా టకోమా పికప్, 4.0 లీటర్ల వీ6, ఆరు గేర్ల మాన్యువల్, ఫోర్ వీల్ డ్రైవ్. 2005 నుంచి 2015 దాకా వచ్చిన రెండో తరం అన్నమాట. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నప్పటికే లక్ష మైళ్లకి దగ్గర్లో ఉంది. అమెరికాలో మాన్యువల్ పికప్ దొరకడమే గగనం, అందుకే దొరికిన వెంటనే వదల్లేదు. విజయవాడలో మారుతి మీద ఎడమ చేత్తో గేర్లు వేయడం నేర్చుకున్న మాకు, ఇక్కడ కుడి చేత్తో వేయడం అలవాటు కావడానికి కొన్నాళ్లు పట్టింది. అలవాటయ్యాక మాత్రం ఆటోమేటిక్ వైపు మనసు పోలేదు.

ముందుగా ఒక మాట. ఇక్కడ కంపెనీల పేర్లు రాయడం లేదు. ఇవి చిన్న చిన్న వర్క్‌షాపులు చేసే సామాన్లు, వీటిని పేరు చూసి కాదు, తయారీ చూసి కొనాలి. నేను వాడిన మూడూ మూడు రకాలు. మార్కెట్లో దొరికే ఏ షార్ట్ షిఫ్టరైనా దాదాపుగా వీటిలో ఒక రకంలోకి వస్తుంది.

లెక్క కొంచెం చెప్పుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. టకోమాలో గేర్ రాడ్ నేరుగా గేర్‌బాక్స్ నెత్తినే కూర్చుంటుంది. మధ్యలో కేబుళ్లు లేవు. రాడ్‌కి ఒకచోట గుండ్రటి బంతి ఉంటుంది, రాడ్ దాని మీదే తిరుగుతుంది. బంతికి పైన ఉన్న భాగం మన చేతిది, కింద ఉన్న భాగం గేర్‌బాక్స్‌ది. పైది 300 మిల్లీమీటర్లు, కిందిది 60 అనుకోండి. నిష్పత్తి 5. లోపల 10 మిల్లీమీటర్లు కదలాలంటే నాబ్, అంటే రాడ్ పైన మనం పట్టుకునే పిడి, 50 కదలాలి. ఇప్పుడు బంతిని 15 మిల్లీమీటర్లు పైకి జరిపితే పైది 285, కిందిది 75 అవుతాయి. నిష్పత్తి 3.8కి దిగుతుంది, నాబ్ 38 మిల్లీమీటర్లు కదిలితే చాలు. దూరం 24 శాతం తగ్గింది, బాగుంది. కానీ అదే లెక్కలో చేతి బలం దాదాపు 32 శాతం ఎక్కువ పెట్టాలి. అమ్మేవాళ్లు మొదటి అంకె పెద్ద అక్షరాలతో వేస్తారు, రెండోది ఎక్కడా కనపడదు.

నేను మొదట వేసింది అన్నిటికన్నా చవక రకం. బంతిని ముట్టుకోరు, పైనున్న కడ్డీని మాత్రం పొట్టిగా చేస్తారు. కింద ఏమీ మారదు కాబట్టి గేర్‌బాక్స్‌కి ఏమవుతుందో అన్న టెన్షన్ లేదు. బిగించడం కూడా పావుగంట పని. పాత రాడ్‌తో పోలిస్తే గేరు దూరం తగ్గినట్టు మొదటి రోజే తెలిసింది. వారం తిరిగేసరికి అసలు ఇబ్బంది బయటపడింది. నాబ్ కిందికి దిగిపోయింది. టకోమాలో సీటు తక్కువ ఎత్తులో ఉంటుంది, కాళ్లు ముందుకి చాపి కూర్చుంటాం. పాత పొడుగు రాడ్ చేతికి ఎదురొచ్చేది. ఇది వేశాక ఒకటి, మూడు, ఐదు గేర్లకి భుజం సీటు వదిలి ముందుకి రావాల్సి వచ్చేది. వెనక్కి లాగే గేర్లలో పెట్టినప్పుడు కప్ హోల్డర్‌లో పొడుగాటి ఫ్లాస్క్ ఉంటే వేళ్లు దానికి కొట్టుకునేవి. మా ఆవిడ ఒక్కసారి నడిపి, "ఏవండీ, మూడో గేరు వేయాలంటే వంగి దండం పెట్టాలా?" అంది. ఆవిడ ఎత్తు నాకన్నా తక్కువ, ఆవిడ బాధ ఇంకా ఎక్కువ.

పొడుగ్గా ఉన్నవాళ్లకి, సీటు ముందుకి జరుపుకుని కూర్చునేవాళ్లకి ఇది పనికొస్తుంది. రాడ్‌లో ఉన్న ఊగుడు మాత్రం ఇది వేస్తే పోదు, ఎందుకంటే ఊగుడు పుట్టేది పైన కాదు, కింద.

రెండోది వచ్చినప్పుడు పెట్టె విప్పి చూసి ముచ్చటపడ్డాను. ఒకే ముక్కలో కోసిన స్టీలు రాడ్, ఇత్తడి బుష్ (రాడ్ కూర్చునేచోట వేసే చిన్న తొడుగు), బంతిని బాగా పైకి లేపే అల్యూమినియం దిమ్మ. దూరం చాలా తగ్గించే రకం. ఖాళీ రోడ్డు మీద దీని మజానే వేరు. రెండు నుంచి మూడుకి మణికట్టు తిప్పితే చాలు, టక్కున పడేది. ఏ గేరు ఎక్కడుందో వెతుక్కునే పనే లేదు.

కానీ రోజువారీ బండిలో దీనితో బతకడం వేరే కథ. కంపెనీ రాడ్‌లో పైముక్కకి, కిందిముక్కకి మధ్య రబ్బరు ఉంటుంది. గేర్‌బాక్స్ వణుకు చేతికి రాకుండా ఆపేది అదే. ఒకే ముక్క రాడ్‌లో ఆ రబ్బరు లేదు. హైవే మీద ఐదో గేరులో యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా నాబ్ జివ్వుమనేది, రేడియో ఆపితే గేర్ల ఊళ కూడా వినపడేది. ఇంకొకటి, దిమ్మ ఎత్తు పెరగడంతో కింది రబ్బరు బూట్ (రాడ్ చుట్టూ ఉండే ముసుగు) సరిగ్గా కూర్చోలేదు. ఒక మూల వేలు దూరేంత సందు మిగిలింది. టెక్సస్ ఎండాకాలంలో ఆ సందులోంచి గేర్‌బాక్స్ వేడి నేరుగా మోకాలి మీదకి కొట్టేది. ఏసీ ఫుల్లుగా పెట్టినా కుడికాలు ఒక్కటే ఉడుకుతుండేది. తర్వాత ఇంకో బూట్ తెచ్చి, అంచులకి సిలికాన్ పూసి మూశాను. చేసినవాళ్లకి మెయిల్ పెడితే జవాబు మర్యాదగానే వచ్చింది, కొత్త బూట్ మాత్రం రాలేదు.

చలిలో దీని అసలు రంగు తెలిసింది. 2021 ఫిబ్రవరి తుఫాను ఇక్కడున్న ఎవరూ మర్చిపోరు. కరెంటు పోయి, పైపులు పగిలిన ఆ వారంలో డాలస్ విమానాశ్రయం దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్ నమోదైంది, మన లెక్కలో మైనస్ 19 సెల్సియస్. అంత చలిలో గేర్ ఆయిల్ చిక్కబడిపోతుంది. పొడుగు రాడ్ అయితే నిదానంగా నెడితే పడుతుంది. ఈ పొట్టి రాడ్‌తో రెండో గేరు వేయడానికి రెండు చేతులు పెడదామా అనిపించింది. వీధి చివరిదాకా మొదటి గేరులోనే వెళ్లి, ఇంజన్ కొంచెం వేడెక్కాక గానీ రెండోది పడలేదు.

ఇక్కడ ఒక వాదన గురించి చెప్పాలి. షార్ట్ షిఫ్టర్ వేస్తే సింక్రో రింగులు అరిగిపోతాయని చాలామంది భయపెడతారు. అది సగం నిజం. సింక్రో రింగు చేసే పని రెండు తిరిగే భాగాల వేగాన్ని ఒకటి చేయడం. దానికి కొంత సమయం, కొంత ఒత్తిడి కావాలి. రాడ్ పొట్టిదైనంత మాత్రాన ఆ ఒత్తిడి పెరగదు. చూడబోతే అదే చేతి బలానికి లోపల పడే ఒత్తిడి తగ్గుతుంది కూడా. అరగదీసేది మన తొందర. దూరం తక్కువ కాబట్టి చెయ్యి విసురుగా పోతుంది, రింగు తన పని పూర్తి చేసేలోపే గేరు తోసేస్తాం. గరగరమనేది అప్పుడే. పొట్టి రాడ్ వేసుకుని నెమ్మదిగా నడిపేవాడి గేర్‌బాక్స్ బాగానే ఉంటుంది, కంపెనీ రాడ్‌తో కుస్తీ పట్టేవాడిది పాడవుతుంది.

దాన్ని తీసేయడానికి కారణం చలీ కాదు, వేడీ కాదు, ట్రాఫిక్. క్లచ్ తొక్కి, ఒకటి, రెండు, మళ్లీ న్యూట్రల్, మళ్లీ ఒకటి. డాలస్‌లోని 635 హైవే మీద గంటసేపు ఇదే పని చేస్తే ఇంటికొచ్చేసరికి మణికట్టు లాగేది. కొన్నాళ్లకి ఇత్తడి బుష్ కూడా టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టింది. గ్రీజు పెడితే ఆగేది, అది ఆరిపోతే మళ్లీ మొదలయ్యేది.

మూడోదాని జోలికి వెళ్లే ముందు పాత కంపెనీ రాడ్‌నే మళ్లీ బిగించాను, ఈసారి కింది చివర కొత్త బుష్‌తో. ఈ సమీక్షలో ఒక్క పేరానే చదివేవాళ్లుంటే ఇది చదవండి. రాడ్ కింది చివర గేర్‌బాక్స్ లోపలి భాగంలో కూర్చునేచోట చిన్న ప్లాస్టిక్ బుష్ ఉంటుంది. పెద్దవాళ్ల చిటికెన వేలికి ఉంగరంలా పట్టేంత సైజు. బండి లక్ష మైళ్లు తిరిగేసరికి అది అరిగి, పెళుసుగా మారి, అంచులు విరిగిపోయి ఉంటుంది. నాది బయటికి తీసినప్పుడు ఒక పక్క కాగితమంత పల్చబడి ఉంది, ఇంకో పక్క చీలిక. దాని ధర కాఫీ డబ్బులంత. అది మార్చి అదే పాత పొడుగు రాడ్ పెడితే ఊగుడు ముప్పాతిక వంతు పోయింది. మీ బండిలో చూసుకోవాలంటే ఇంజన్ ఆపి, గేరులో పెట్టి, నాబ్‌ని రెండు వేళ్లతో పక్కలకి కదపండి. అంగుళం దాకా ఊగుతుంటే షార్ట్ షిఫ్టర్ కాదు, ముందు బుష్ కొనండి. పాత టయోటా పికప్‌లు వాడేవాళ్లకి ఇది ఎప్పటినుంచో తెలిసిన సంగతే. కాలిఫోర్నియా ఫ్రెస్నోలోని మార్లిన్ క్రాలర్ లాంటి కంపెనీలు ఆ పాత గేర్‌బాక్స్‌లకి ఇలాంటి చిన్న సామాన్లు విడిగా అమ్ముతాయి.

మూడో షిఫ్టర్, ఇప్పుడు బండిలో ఉన్నది, మధ్యరకం. బంతిని కొద్దిగా పైకి జరిపారు, పైకడ్డీ ఎత్తు దాదాపు కంపెనీ రాడ్ అంతే ఉంచారు, రెండు ముక్కల మధ్య రబ్బరు కూడా ఉంది. దూరం పావు వంతు తగ్గిందంటే నమ్మవచ్చు. ఇది వేసిన రోజు పెద్దగా ఏమీ అనిపించలేదు. రెండోదానిలా టక్కుమనే మజా లేదు. కానీ దీనితో ఆర్కాన్సాలో వాషిటా కొండల మట్టిరోడ్ల మీద లో రేంజ్‌లో (ఫోర్ వీల్ డ్రైవ్‌లో నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరింగ్) నడిపాం, ఎండాకాలం ట్రాఫిక్‌లో నడిపాం, మా ఆవిడ పిల్లల్ని స్కూల్లో దింపింది. రాడ్ గురించి ఎవరూ ఏమీ అనలేదు. నా దృష్టిలో దానికి అంతకన్నా మార్కులు అక్కర్లేదు. గతుకుల్లో బండి ఎగిరెగిరి పడుతున్నప్పుడు రాడ్ మరీ బిగుసుగా ఉంటే చెయ్యి దాన్ని పట్టుకుని వేలాడుతుంది, ఇందులో ఆ ఇబ్బంది కూడా లేదు.

నాబ్ గురించి రెండు ముక్కలు. టయోటాలో నాబ్ బిగించే మర 12 మిల్లీమీటర్లు, పిచ్ (మర గీతల మధ్య దూరం) 1.25. ఆ సైజులో బయట వందల రకాలు దొరుకుతాయి. బరువైన నాబ్ వేస్తే గేరు తేలిగ్గా జారుతుంది, ఆ బరువే చెయ్యికి సాయం చేస్తుంది. కానీ నున్నటి స్టీలు నాబ్ మాత్రం టెక్సస్‌లో వద్దు. జులైలో మధ్యాహ్నం పార్కింగ్ లాట్‌లో నిలిపిన బండి ఎక్కి దాన్ని పట్టుకుంటే పెనం పట్టుకున్నట్టే. నేను లోపల బరువుండి పైన తోలు ఉన్నది పెట్టుకున్నాను.

ఆయిల్ కూడా ఇదే సందర్భంలో మార్చేయడం మంచిది. 75డబ్ల్యూ-90 చిక్కదనం, జీఎల్-4 గ్రేడు గేర్ ఆయిల్ వేశాను. జీఎల్-5 ఆయిల్‌లో గంధకం కలిసిన మందులు ఎక్కువ, కొన్ని రకాలు సింక్రో రింగుల ఇత్తడికి అంత మంచివి కావు. ఆయిల్ మార్చాక చలి ఉదయాల్లో రెండో గేరు మునుపటికన్నా తేలిగ్గా పడింది. ఆ మార్పులో షిఫ్టర్ వాటా ఏమీ లేదు.

బిగించడం ఇంట్లో చేసుకునే పనే. నాబ్ విప్పి, కన్సోల్ లేపి, రెండు బూట్లు తీస్తే రాడ్‌ని పట్టి ఉంచే మూత కనపడుతుంది. రాడ్ పైకి లాగగానే గేర్‌బాక్స్ నోరు తెరుచుకుని ఉంటుంది. ఆ నోట్లో వెంటనే శుభ్రమైన గుడ్డ కుక్కాలి. ఒక్క బోల్టు గానీ, కన్సోల్ కింద పేరుకున్న ఇసుక గానీ అందులో పడితే షార్ట్ షిఫ్టర్ ఖర్చు గేర్‌బాక్స్ ఖర్చు అవుతుంది. మూత తీయకముందే చుట్టూ వ్యాక్యూమ్ పెట్టడం ఇంకా మంచిది.

కొత్త బండివాళ్లు వారంటీ గురించి అడుగుతారు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి సామాను బిగించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయకూడదు. చెడిపోవడానికి ఆ సామానే కారణమైతే మాత్రం ఆ రిపేరు మన నెత్తినే పడుతుంది. 2024 నుంచి వస్తున్న నాలుగో తరం టకోమాలో కూడా ఆరు గేర్ల మాన్యువల్ ఉంది, అది తీసుకున్నవాళ్లకి ఈ మాట అవసరం.

రెండో తరం వీ6 మాన్యువల్ వాడేవాళ్లలో కొందరు క్లచ్ వదిలినప్పుడు వచ్చే కిచకిచ శబ్దానికి కూడా షిఫ్టర్‌నే తిడుతుంటారు. పెడల్ మీద కాలు కొంచెం ఆనిస్తే ఆ శబ్దం ఆగిందంటే అది రిలీజ్ బేరింగ్ (క్లచ్ తొక్కినప్పుడు పనిచేసే బేరింగ్) దగ్గరిది, రాడ్‌కి సంబంధం లేదు. దానికి స్టీలు స్లీవ్‌తో వచ్చే కిట్లు విడిగా ఉన్నాయి, గేర్‌బాక్స్ దింపాలి కాబట్టి క్లచ్ ప్లేటు మార్చేటప్పుడే వేయించుకుంటే కూలి కలిసొస్తుంది.

మొదటి రాడ్‌ని ఆరడుగుల పైన ఉన్న మా ఆఫీసు కుర్రాడికి అమ్మేశాను, అతనికి అది సరిగ్గా సరిపోయింది. స్టీలు రాడ్ ఇంకా గరాజ్‌లోనే ఉంది, ఎవరైనా వారాంతాల్లో మాత్రమే నడిపే బండికి అడిగితే ఇచ్చేస్తాను. మధ్యరకం దానికి గేర్ ఆయిల్ మార్చినప్పుడల్లా బూట్ ఎత్తి, బంతికి కాస్త గ్రీజు పూసి, కింది బుష్ అంచులు ఒకసారి చూసుకుంటున్నాను. ఇప్పటిదాకా అరుగుదల కనపడలేదు.