శాంసంగ్ 860 ఈవో 500 జీబీ: ఏళ్ల తరబడి వాడాక

ఈ ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే, తిరిగే భాగాల్లేని చిప్ డ్రైవ్) మోడల్ 2018లో వచ్చింది. ఆ ఏడాదే కొని డెస్క్‌టాప్‌లో పెట్టించాను. అప్పటి నుంచి విండోస్ దీంట్లోనే నడుస్తోంది. పగలంతా బ్రౌజర్, డీటీపీ పని, రాత్రిళ్లు ఫొటోలు. కొన్నప్పుడు ఎవరినడిగినా ఒకటే మాట: "ఎస్‌ఎస్‌డీ రాసేకొద్దీ అరుగుతుంది, పేజ్‌ఫైల్ ఆపెయ్, బ్రౌజర్ క్యాష్ హార్డ్ డిస్క్‌కి మార్చెయ్." ర్యామ్ చాలనప్పుడు విండోస్ డ్రైవ్‌లో వాడుకునేది పేజ్‌ఫైల్, చూసిన సైట్ల నుంచి బ్రౌజర్ దాచుకునేది క్యాష్; రెండూ డ్రైవ్‌లో రాస్తూనే ఉంటాయి. నేను ఏదీ ఆపలేదు, ఏదీ మార్చలేదు.

ఇప్పుడు డ్రైవ్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ఇన్నేళ్లలో డ్రైవ్‌లో రాసిన మొత్తం డేటా 40 టెరాబైట్లకు అటూ ఇటూ ఉంది. ఈ సైజుకు కంపెనీ హామీ 300 టెరాబైట్లు లేదా అయిదేళ్లు, ఏది ముందైతే అది. అయిదేళ్లలో ఆ కోటా ఖాళీ చేయాలంటే రోజూ 164 జీబీ రాయాలి! వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లను పక్కన పెడితే మామూలు ఇళ్లలో అంత రాత ఎక్కడిది? వారంటీ ఎప్పుడో తీరిపోయింది, డ్రైవ్ మాత్రం నడుస్తూనే ఉంది.

వేగం తగ్గిందా అంటే, ఒక్కసారి తగ్గింది, అదీ డ్రైవ్ దాదాపు నిండిపోయినప్పుడు. ఎస్‌ఎస్‌డీలో ఉండే ఫ్లాష్ చిప్‌లలో రాయడం చిన్న పేజీల్లో, చెరపడం పెద్ద బ్లాకుల్లో జరుగుతుంది. ఖాళీ లేకపోతే కంట్రోలర్ (డ్రైవ్‌ను నడిపించే చిప్) పాత డేటాను అటూ ఇటూ సర్దుకుంటూ కూర్చోవాలి. దానివల్ల పని నెమ్మదిస్తుంది, అరుగుదలా పెరుగుతుంది. పాత ఫొటోలు హార్డ్ డిస్క్‌కి తరలించాక మళ్లీ మామూలైంది. అయిదో వంతు ఖాళీగా ఉంచితే చాలు.

నన్ను అడిగితే భయపడాల్సింది అరుగుదలకు కాదు. మా మేనల్లుడి లాప్‌టాప్‌లో వేరే కంపెనీ చౌక ఎస్‌ఎస్‌డీ ఉండేది. హెల్త్ 98 శాతం చూపిస్తుండగానే ఓ పొద్దున బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్) కనిపించడం మానేసింది. ఆ శాతం చెప్పేది ప్రధానంగా డేటా దాచే సెల్స్ ఎంత అరిగాయన్నదే. కంట్రోలర్ పోతే అది ముందుగా చెప్పదు. హార్డ్ డిస్క్ పోయే ముందు చాలాసార్లు టకటకమంటుంది, ఎస్‌ఎస్‌డీకి ఆ మర్యాద కూడా లేదు. పైగా డేటా రికవరీ కష్టం, ఖర్చూ ఎక్కువే. అందుకే నా బ్యాకప్ ఇప్పటికీ హార్డ్ డిస్క్‌లోనే.

బ్యాకప్ చేసి బీరువాలో పడేయడానికి మాత్రం ఎస్‌ఎస్‌డీ వద్దు. మామూలు వాడకపు డ్రైవ్‌లకు జెడెక్ (మెమరీ చిప్‌ల ప్రమాణాలు రాసే పరిశ్రమ సంస్థ) ప్రమాణం అడిగేది ఇంతే: రాత కోటా పూర్తయ్యాక, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది డేటా నిలవాలి. కొత్త డ్రైవ్‌లో అంతకంటే చాలాకాలమే ఉంటుంది కానీ, వేడి పెరిగేకొద్దీ ఆ గడువు కుంచించుకుపోతుంది. మన మే నెల ఎండల్లో గది 30 డిగ్రీల దగ్గర ఆగుతుందా?

ఇప్పుడు కొనేవాళ్లు వేగం అంకెల కంటే టీబీడబ్ల్యూ (ఎన్ని టెరాబైట్ల రాతకు హామీ అన్న అంకె), వారంటీ చూడండి. ఇదే 860 వరుసలో 1 టీబీ ఈవోకి 600 టెరాబైట్ల హామీ ఉంటే, చౌకగా వచ్చిన క్యూఎల్‌సీ (ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు కుక్కే) రకం క్యూవోకి 360 మాత్రమే. ఇంటి వాడకానికి అదీ ఎక్కువే అనుకోండి. ధరలో తేడా కొద్దిపాటిదైతే నేను ఈవోలాంటి టీఎల్‌సీ (సెల్‌కు మూడు బిట్లే) వైపే వెళ్తాను.