స్కూల్ ఫండ్‌రైజర్: వస్తువులు అమ్మాలా, వాకథాన్ పెట్టాలా, నేరుగా అడగాలా? ఏది మేలు?

స్కూళ్లు తెరిచి కాస్త కుదురుకోగానే ప్రైమరీ స్కూళ్ల పేరెంట్స్ కమిటీల్లో ఒకటే చర్చ. లైబ్రరీకి పుస్తకాలు కావాలి, ఆటస్థలం బాగు చేయాలి, చేతిలో డబ్బు లేదు. వస్తువులు అమ్మిద్దామా, వాకథాన్ పెడదామా, మేళా చేద్దామా, లేకపోతే తల్లిదండ్రులనే నేరుగా చందా అడుగుదామా? కమిటీలో లెక్కలు చూసే పని నాది కాబట్టి తెలిసినవాళ్లు ఈ ప్రశ్న నన్నే అడుగుతుంటారు. నా జవాబు మాత్రం లెక్కలతో మొదలవదు.

దేనివల్ల ఎక్కువ డబ్బు వస్తుందనేది తర్వాతి మాట. పిల్లలకు మనం ఏ పని అప్పజెప్తున్నామో ముందు చూడాలి. హైస్కూలు పిల్లల సంగతి వేరు. ఐదో తరగతి లోపు పిల్లలకు స్కూలు బడ్జెట్ అర్థం కాదు. పక్కవాడికి బహుమతి వచ్చింది, నాకు రాలేదు అన్నది మాత్రం చాలా బాగా అర్థమవుతుంది. నాకు సంబంధించినంతవరకు దీనితోనే సగం తేలిపోతుంది.

వస్తువుల అమ్మకం సంగతి చూద్దాం. కంపెనీ కేటలాగ్ ఇస్తుంది, పిల్లలు ఆర్డర్ ఫారం ఇంటికి తీసుకెళ్తారు, చుట్టాలు, ఇరుగుపొరుగు కొంటారు. అమ్మిన దాంట్లో సాధారణంగా 40 నుంచి 50 శాతం స్కూలుకు మిగులుతుంది. అంటే స్కూలుకు నూరు కావాలంటే జనం రెండు వందల నుంచి రెండు వందల యాభై దాకా ఖర్చు పెట్టాలి. పైగా సరుకు వచ్చిన రోజు విడదీయడం, ఎవరి ఆర్డర్ వాళ్లకు చేర్చడం, పగిలినవి మార్చడం, డబ్బు ఇవ్వనివాళ్ల వెంట పడడం. ఈ చాకిరీ ఏ కేటలాగ్‌లోనూ కనపడదు.

అయినా దీన్ని పూర్తిగా కొట్టిపారేయను. దీని అసలు బలం ఏమిటంటే, స్కూలుతో సంబంధం లేనివాళ్ల డబ్బు స్కూలుకు వస్తుంది. అమ్మమ్మలు, తాతయ్యలు, ఆఫీసులో సహోద్యోగులు ఊరికే చందా ఇవ్వకపోయినా ఒక వస్తువు కొంటారు. తల్లిదండ్రుల దగ్గరే డబ్బు లేని స్కూలుకు ఇది చిన్న విషయం కాదు.

నాకు నచ్చనిది బహుమతుల పట్టిక. ఇన్ని అమ్మితే బొమ్మ, అన్ని అమ్మితే సైకిల్ అని అసెంబ్లీలో చూపిస్తారు. చుట్టాలు ఎక్కువ ఉన్న పిల్లవాడు గెలుస్తాడు. అందులో వాడి గొప్పేమీ లేదు, ఓడిన పిల్ల తప్పూ ఏమీ లేదు. పోనీ బహుమతుల వల్ల వసూళ్లు పెరుగుతాయా అంటే, అదీ అనుమానమే. యూరి గ్నీజీ, ఆల్డో రుస్తికీని అనే ఆర్థికవేత్తలు ఇజ్రాయెల్‌లో ఇంటింటికీ తిరిగి చందాలు వసూలు చేసే హైస్కూలు విద్యార్థులను మూడు గుంపులు చేసి చూశారు. ఒక గుంపుకు కమీషన్ ఏమీ లేదు, ఇంకో గుంపుకు వసూలులో ఒక శాతం, మూడో గుంపుకు పది శాతం. ఆ కమీషన్ చందాలోంచి కాదు, విడిగా ఇచ్చారు. 2000లో వచ్చిన ఆ ఫలితాల్లో అందరికన్నా ఎక్కువ తెచ్చింది ఏమీ తీసుకోని గుంపు, అందరికన్నా తక్కువ తెచ్చింది ఒక శాతం గుంపు. పది శాతం గుంపు కూడా మొదటి గుంపును దాటలేదు. పని మంచిదన్న ఉత్సాహంతో తిరిగే పిల్లల చేతిలో చిన్న ప్రతిఫలం పెట్టేసరికి అది కూలీ అయిపోయింది, అదీ తక్కువ కూలీ. ప్లాస్టిక్ కీచెయిన్ బహుమతి పెట్టే కమిటీలు దీన్ని ఒకసారి ఆలోచించాలి.

ఇక వాకథాన్, రీడథాన్. ఇక్కడ పిల్లలు అమ్మరు. నడుస్తారు లేదా చదువుతారు, పెద్దవాళ్లు దానికి చందా ఇస్తారు. కొనాల్సిన సరుకు లేదు కాబట్టి వచ్చిన దాంట్లో ఎక్కువ భాగం స్కూలుకే మిగులుతుంది. బయటి ఈవెంట్ కంపెనీకి అప్పగిస్తే మాత్రం ఈ లెక్క తారుమారవుతుంది. వాళ్ల వాటా కాగితం మీద ఎంతో చూడకుండా సంతకం పెట్టకండి.

రౌండుకు ఇంత అని మాట తీసుకునే పద్ధతి వినడానికి సరదాగా ఉంటుంది. తర్వాత వసూలు చేసేటప్పుడే తెలుస్తుంది తలనొప్పి. పిల్లవాడు అనుకున్నదానికన్నా ఎక్కువ రౌండ్లు తిరిగొస్తే కొందరి ముఖం మారిపోతుంది. మొత్తం ఇంత అని ముందే తీసుకోవడం మంచిది. రౌండు చిన్నదిగా ఉంటే ఒకటో తరగతి పిల్లలు కూడా చాలా రౌండ్లు పూర్తి చేసి మురిసిపోతారు. లెక్కకు చొక్కా వెనక మార్కర్‌తో ఒక గీత గీస్తే చాలు.

రీడథాన్‌కు పేజీలు లెక్కపెట్టకుండా నిమిషాలు లెక్కపెట్టాలి. అప్పుడు మెల్లగా చదివే పిల్ల వేగంగా చదివేవాడికన్నా వెనకబడదు. ఇంకా చదవడం రాని చిన్నవాళ్లకు ఇంట్లో ఎవరైనా చదివి వినిపించిన నిమిషాలు కూడా కలపొచ్చు. నిమిషాలు కాస్త పెంచి రాసుకుంటారు, అవును. రాసుకోనివ్వండి. వర్షం వస్తే వాకథాన్ ఆగుతుంది, రీడథాన్ ఆగదు. ఈ రెండింట్లో నాకు రీడథాన్ అంటేనే ఇష్టం. డబ్బు పెద్దగా రాకపోయినా పిల్లలు రెండు వారాలు చదివారు కదా.

రెండింటికీ ఒక్క షరతు. ఎవరు ఎంత తెచ్చారన్న చార్టు తరగతి గోడ మీద ఉండకూడదు. తరగతి మొత్తం కలిసి ఎన్ని రౌండ్లు తిరిగిందో, ఎన్ని నిమిషాలు చదివిందో రాయండి. డబ్బు అంకె పెద్దవాళ్ల పుస్తకంలో ఉంటే చాలు.

ఇప్పుడు నేను మొగ్గు చూపే దగ్గరికి వస్తాను. నేరుగా అడగడం. అమ్మకం లేదు, ఆట లేదు, పిల్లల ప్రమేయం అసలే లేదు. తల్లిదండ్రులకు ఒక ఉత్తరం: ఇది కావాలి, ఇంత అవుతుంది, ఈ తేదీలోగా ఇవ్వగలిగినంత ఇవ్వండి. ఆన్‌లైన్ చెల్లింపుల చార్జీలు కాస్త పోతే మిగతాదంతా స్కూలుదే. ఎక్కువ మంది వాలంటీర్లు అక్కర్లేదు, ఇద్దరు ముగ్గురు చాలు.

అయితే ఉత్తరం పంపేసి కూర్చుంటే డబ్బు రాదు. మొదట నలుగురైదుగురు ఇవ్వగలిగినవాళ్లను విడిగా కలిసి, లక్ష్యంలో కొంత ముందే పోగు చేయాలి. ఆ మాట ఉత్తరంలో రాయాలి. ఇది పని చేస్తుందనడానికి ఆధారం ఉంది. జాన్ లిస్ట్, డేవిడ్ లకింగ్-రైలీ అనే ఆర్థికవేత్తలు 2002లో ప్రచురించిన ప్రయోగంలో ఒక యూనివర్సిటీకి కంప్యూటర్ల కోసం చందా అడుగుతూ ఉత్తరాలు పంపారు. కొందరికి పది శాతం ముందే సమకూరిందని, కొందరికి 67 శాతం సమకూరిందని రాశారు. 67 శాతం అని చదివినవాళ్ల నుంచి వచ్చిన మొత్తం మొదటివాళ్లకన్నా దాదాపు ఆరు రెట్లు. సగం పైగా కట్టిన గోడ కనిపిస్తే మిగతాది కట్టడానికి జనం ముందుకొస్తారు.

‘మీరెంత ఇస్తే నేనూ అంత కలుపుతా’ అనే దాత దొరికితే ఇంకా మంచిది. దాని మీదా 2007లో డీన్ కార్లన్, జాన్ లిస్ట్ ఒక పరిశోధన ప్రచురించారు. అలా చెప్పినప్పుడు ఉత్తరం ఒక్కింటికి వచ్చే రాబడి 19 శాతం పెరిగింది. విచిత్రం ఏమిటంటే ఒకటికి ఒకటి కలిపినా, రెండు కలిపినా, మూడు కలిపినా తేడా లేదు. కాబట్టి ఆ దాతను మూడింతలకు బతిమాలకండి. ఒకటికి ఒకటి చాలు.

ఇచ్చినవాళ్ల పేర్లు వేయాలా వద్దా అని కమిటీల్లో గొడవలవుతుంటాయి. పేర్లు వేయొచ్చు, అంకెలు వద్దు. 1885లో స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ పీఠానికి డబ్బు చాలనప్పుడు జోసెఫ్ పులిట్జర్ తన పత్రికలో, ఎంత చిన్న మొత్తం పంపినా వాళ్ల పేరు అచ్చు వేస్తానన్నాడు. ఐదు నెలల్లో లక్ష డాలర్లు దాటాయి. ఇచ్చినవాళ్లలో ఎక్కువ మంది పంపింది ఒక్కొక్కరు డాలరు లోపే. ఒక్క నాణెం ఇచ్చినవాళ్లకు కూడా పేరు కనిపిస్తే అది తమ పని అవుతుంది. స్కూల్లో మాత్రం పేరు పక్కన అంకె వేస్తే మళ్లీ పిల్లల మధ్య పోలికలే. పేరు వద్దన్నవాళ్లది వేయకండి. ఇవ్వలేనివాళ్ల జాబితా ఎవరి ఫోన్‌లోనూ ఉండకూడదు, వాట్సాప్ గ్రూప్‌లో రిమైండర్లు ఎవరినీ ఉద్దేశించి ఉండకూడదు.

నేరుగా అడగడం రెండు చోట్ల కుదరదు. కమిటీ మీద నమ్మకం లేని చోట మొదటి ఏడాది డబ్బు రాదు. నిరుటి లెక్క అందరికీ పంపకుండా ఈ ఏడాది ఉత్తరం పంపితే అంతే సంగతి. రెండోది, చాలా కుటుంబాలు నెల గడవడానికే తంటాలు పడే స్కూళ్లు. అక్కడ తల్లిదండ్రులకు ఉత్తరం రాయడం వాళ్లను ఇబ్బంది పెట్టడమే. ఆ స్కూళ్లకు రీడథాన్ పెట్టి, బయటి దాతలను, వ్యాపారులను స్పాన్సర్లుగా అడగమంటాను. ఆ అడిగే పని పిల్లలది కాదు, కమిటీది.

మేళా అంటే అందరికీ మోజు. స్టాళ్లు, ఆటలు, పాటలు, సందడి. పెట్టండి, కానీ డబ్బు కోసం అనుకోకండి. ముందే ఖర్చు పెట్టాలి, వాతావరణం మీద భారం వేయాలి, డజన్ల కొద్దీ మనుషులు రోజంతా నిలబడాలి. మర్నాడు సామాన్లు సర్దడానికి వచ్చేది మాత్రం ఎప్పుడూ ఆ ఐదుగురే. కొత్తగా చేరిన కుటుంబాలు నలుగురితో కలవడానికి మేళాను మించింది లేదు, ఆ లాభం లెక్కపుస్తకంలోకి రాదు. పెడితే ఒక్క జాగ్రత్త: స్టాళ్ల దగ్గర నగదు తీసుకోవద్దు. ఒకే కౌంటర్‌లో కూపన్లు అమ్మండి, సాయంత్రం డబ్బు ఇద్దరు కలిసి లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం పెట్టండి.

లక్కీ డ్రా: చాలా చోట్ల చట్టం దీన్ని జూదం కింద లెక్కిస్తుంది, అనుమతి కావాలి, కొన్ని చోట్ల అసలు కుదరదు. కనుక్కోకుండా టికెట్లు అచ్చు వేయకండి. పాత పుస్తకాల అమ్మకం మంచిదే, చిన్న మొత్తానికి. పాత కాగితాలు పోగు చేసి అమ్మడం స్థలం ఉన్నవాళ్ల పని.

ఒకే ఏడాదిలో మూడు నాలుగు పెట్టొచ్చా అని కూడా అడుగుతారు. వద్దనే అంటాను. ప్రతి నెలా ఏదో ఒక కవరు ఇంటికి వస్తుంటే మూడోసారికి తెరిచి కూడా చూడరు. డబ్బు కోసం ఏడాదికి ఒక్కసారి గట్టిగా అడగండి, అదీ ఏడాది మొదట్లోనే. పరీక్షల ముందు ఎవరికీ ఓపిక ఉండదు. మీది కొత్త కమిటీ అయి నమ్మకం ఇంకా కుదరకపోతే, మొదటి ఏడాది రీడథాన్ పెట్టి, వచ్చిన ప్రతి పైసా లెక్క రాసి అందరికీ పంపండి. ఉత్తరం రెండో ఏడాది రాయొచ్చు.