కొల్లాజెన్ నమూనా పెట్టె: కడ్డీలు భేష్, పంటి ముక్క దండగ

దంతవైద్య విద్యార్థులకు కణజాల శాస్త్రం చెప్పే నాకు కొల్లాజెన్ (ఎముకకూ చర్మానికీ బలమిచ్చే పోగుల ప్రోటీన్) పాఠం ఎప్పుడూ తలనొప్పే. బోర్డు మీద గీస్తే పోగు మీది చారలు కనిపిస్తాయి గానీ అవి ఎలా పడ్డాయో తెలియదు. అందుకే కళాశాల చేత ఈ నమూనా పెట్టె కొనిపించాను.

ఇలాంటివి చేతికొస్తే ముందు మెలిక ఏ వైపు తిరిగిందో చూస్తాను. కొల్లాజెన్ అణువులోని మూడు గొలుసులూ విడివిడిగా ఎడమకు తిరిగి, కలిసి కుడికి పెనవేసుకోవాలి. తాడు పేనేవాళ్లకు ఈ ఎదురు మెలిక బలం తెలిసిందే. ఇందులో సరిగ్గా ఉంది. ప్రతి మూడో స్థానంలో ఉండే చిన్న పూస గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం. దాని బదులు పెద్ద పూస పెట్టి చూడండి, మెలిక అక్కడ ఉబ్బిపోతుంది. పుట్టుకతో వచ్చే పెళుసు ఎముకల జబ్బుకు చాలామందిలో కారణం ఇలాంటి ఒక్క మార్పే.

పెట్టెకు ప్రాణం కడ్డీలు, ఒక్కో కడ్డీ ఒక కొల్లాజెన్ అణువు. నానోమీటరుకు ఒక మిల్లీమీటరు చొప్పున కొలత తీసుకున్నారు. అణువు పొడవు 300 నానోమీటర్లు కాబట్టి కడ్డీ 30 సెంటీమీటర్లు, మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు. పోగు కావాలంటే ఒక్కో కడ్డీని పక్కదానికంటే 6.7 సెంటీమీటర్లు జరిపి పేర్చాలి. 300లో 67 నాలుగున్నర సార్లే పడుతుంది. ఆ తేడా వల్ల ఒక కడ్డీ ముగిసిన చోటికీ అదే వరుసలో తర్వాతి కడ్డీ మొదలయ్యే చోటికీ మధ్య మూడున్నర సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. 1963లో హాడ్జ్, పెట్రుస్కా అనే శాస్త్రవేత్తలు చెప్పిన అమరిక ఇదే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చారలు పడేది ఈ ఖాళీల వల్లే. నేను నోరు విప్పకముందే పిల్లలు స్కేలు పెట్టి కొలిచేశారు!

ఖనిజం దగ్గర మాత్రం తయారీదారు తొందరపడ్డాడు. ఈ పెట్టెలో అపటైట్ (ఎముకనూ పంటినీ గట్టిపరిచే ఖనిజం) పలకలు ఖాళీల్లో తప్ప మరెక్కడా ఇమడవు. నిజానికి కొన్ని నానోమీటర్ల మందమే ఉండే ఆ పలకలు ఖాళీలు దాటి అణువుల మధ్యకు చొచ్చుకుపోతాయి. పోగుల వెలుపలా బోలెడు ఖనిజం ఉంటుంది. పోగుల్లో ఉండే నీటి ఊసే పెట్టెలో లేదు.

పంటి ముక్క చూశాక కోపం ఆగలేదు. డెంటిన్ (పంటి లోపలి పొర) మీదున్న చారల పోగులనే ఎనామెల్ (పంటి పైపొర) మీదా అతికించారు. పూర్తిగా ఎదిగిన ఎనామెల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే, అందులో కొల్లాజెన్ ఉండదు. ఇది చిన్న పొరపాటు అనుకుంటే మా విద్యార్థి రేపు పన్ను నింపేటప్పుడు దెబ్బతింటాడు. నింపే ముందు ఆమ్లం పూసి కడిగితే ఎనామెల్ గరుకెక్కుతుంది, అంతే. డెంటిన్‌లో అయితే ఖనిజం కరిగి కొల్లాజెన్ వల బయటపడుతుంది. దాన్ని మరీ ఆరబెడితే వల కుంగిపోయి, అతికించే రెజిన్ లోపలికి దిగదు.

పంటి ముక్కను బీరువాలో పడేశాను. కడ్డీలు విడిగా కూడా అమ్ముతున్నారు, ఇంకో రెండు కట్టలకు ఆర్డరు పెట్టాను.